శాఖలు ముప్పై చేసే ముందు: మనవడి ఆటలో చూసిన లెక్క



వచ్చే నెల సర్వసభ్య సమావేశం అజెండా అందరికీ అందే ఉంటుంది. ఐదో అంశం: ఇప్పుడున్న పద్నాలుగు శాఖలను ముప్పై చేయడం. ఆరో అంశం: దక్షిణపు కొసన ఉన్న శాఖ నుంచి చందా సరిగా రాకపోవడం మీద విచారణ. ఐదో అంశానికి వాట్సాప్ గ్రూపులో పూలదండలు, చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతూ ఉన్నాయి. ఆరో అంశం మీద మాత్రం మాటలు వేరే రకంగా ఉన్నాయి. ఒకరు "తిన్నాడు" అని రాసినారు. ఇంకొకరు తమిళంలో "ఊళల్" అని ఒక్క మాట పెట్టి ఊరుకున్నారు. ఆ శాఖ కార్యదర్శి కూడా అదే గ్రూపులో ఉన్నాడు. చదివినట్టు రెండు నీలం గీతలు పడినాయి, జవాబు రాలేదు.

మాకు ఐదో అంశమూ ఆరో అంశమూ ఒకటే అంశంగా తోచినాయి. ఎందుకో చెప్పాలంటే ఒక కంప్యూటర్ ఆట గురించి రాయాల. నవ్వుకోండి, పరవాలేదు, కడదాకా చదవండి. మేము అంటే ఇక్కడ తాతా మనవడూ. ఆట వాడిది, లెక్క మాది. మేము చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరం యాభై దాటినాక నేర్చుకున్నది. రాతలో తమిళ వాసన వస్తుంది, మీకు అలవాటే.

ఆట పేరు సివిలైజేషన్ 3. అమెరికాలో ఫిరాక్సిస్ అనే కంపెనీ 2001లో తెచ్చింది. సిడ్ మైయర్ అనే ఆయన పేరు డబ్బా మీద పెద్దగా ఉంటుంది. ఇరవై ఏళ్ళు దాటిన ఆట ఇప్పుడేమిటికి అంటారేమో. మా ఇంటి పాత ల్యాప్‌టాప్‌లో కొత్త ఆటలు నడవవు, ఇది నడుస్తుంది. మనవడికి మొదట చిన్నతనంగా ఉండింది. తరువాత వాడు సెల్‌ఫోన్ పక్కన పడేసి దీనినే పట్టుకున్నాడు.

ఆటలో మనకొక జాతి, ఒక రాజధాని ఇస్తారు. మనుషులను పంపి కొత్త పట్నాలు కట్టుకోవాల, బాటలు వేయాల, చదువు పెంచాల, పక్కవాళ్ళతో సంధో యుద్ధమో చేయాల. ప్రతి పట్నం మూడు రకాల రాబడి ఇస్తుంది. ఒకటి తిండి. రెండోది పనిబలం, దాన్ని చిన్న డాలు బొమ్మలతో చూపుతారు. మూడోది వ్యాపారం, దాన్ని నాణేల బొమ్మలతో చూపుతారు. తిండికి తరుగు లేదు. పండిన ఊరిలోనే తినేస్తారు గనుక కాబోలు. డాళ్ళకూ నాణేలకూ తరుగు ఉంది. తరుగు పోయినవి ఎర్రగా కనిపిస్తాయి. రాజధానిలో ఎర్రవి కనబడవు. దూరం పోయేకొద్దీ ఒకటి, రెండు, సగం. కడపటి పట్నంలో చూస్తే వరసంతా ఎరుపే, కొసలో ఒక్క డాలు, ఒక్క నాణెం మిగిలి ఉంటాయి. ఎంత పెద్ద పట్నమైనా, ఎన్ని గనులు తవ్వినా ఆ ఒక్కటే. అంతకన్నా తగ్గించరు, అదొక ధర్మం.

ఆట భాషలో ఆ ఎరుపు పేరు కరప్షన్. మనవడు మొదటిసారి చూపినప్పుడు మేము అడిగినాము: "ఎవడు తింటా ఉండాడు రా? ఆ ఊరి అధికారి ఎవరు?"

"అధికారి లేడు తాతా. తినేవాడు ఎవడూ లేడు. ఆ పట్నం వరసలో ఇరవై ఆరోది, అంతే."

ఈ మాట దగ్గర మేము ఆగిపోయినాము. ముప్పై ఆరేండ్లు రైల్వేలో కణక్కు పుస్తకాలతో బతికినవాళ్ళం. తరుగు పడితే ముందు మనిషిని వెతకడం మాకు పుట్టిన గుణం. "ఊరు మీద ఊరు పడినా కరణం మీద కాసు పడదు" అని మన పెద్దలు చెప్పిన సామెత మా మీదే ఇంట్లో చాలాసార్లు వాడినారు. మనిషి లేని తరుగు అంటే మాకు కొత్త.

అది ఎట్ల పడుతుందో రెండు వారాలు కూర్చుని చూసినాము. మనవడు ఆడతాడు, మేము పాత లెడ్జరు కాగితం మీద పట్నం పట్నానికీ రాసుకుంటాము. తరుగుకు రెండు ముఖ్యమైన కారణాలు ఉన్నాయి. ఒకటి దూరం, రాజధానికి ఆ పట్నం ఎంత దూరం అని. ఇది అందరికీ తట్టేదే. రెండోది వరస. రాజధానికి దగ్గరగా ఉన్న పట్నం ఒకటోది, దాని తరువాతది రెండోది, అట్ల ప్రతిదానికీ ఒక నంబరు. ఆ పట్నం కన్నా రాజధానికి దగ్గరగా ఎన్ని పట్నాలు ఉన్నాయన్నదే ఆ నంబరు. పటం ఎంత పెద్దదో చూసి, ఇన్ని పట్నాలు దాకా పరవాలేదు అని ఆట లోపలనే ఒక లెక్క రాసి పెట్టినారు. ఆట కష్టం పెంచుకుంటే ఆ లెక్క తగ్గుతుంది. మన వరస నంబరు ఆ లెక్కకు దగ్గరపడేకొద్దీ ఎరుపు పెరుగుతుంది, దాటినాక గబగబా పెరుగుతుంది.

ఇందులో చూడవలసిన సంగతి ఇది. మా ఆటలో తూర్పు సముద్రం ఒడ్డున ఒక పట్నం ముందే కట్టినాము. అప్పుడు అది వరసలో ఏడోది. మంచి రాబడి. తరువాత దానికీ రాజధానికీ నడుమ ఖాళీలు కనబడితే మనవడు ఒక్కొక్కటిగా పట్నాలు నింపినాడు. సముద్రం పట్నం కదలలేదు. దూరం ఒక్క గడి కూడా పెరగలేదు. అందులో జనం తగ్గలేదు, బాట చెడలేదు. కానీ వరస నంబరు ఏడు నుంచి పంతొమ్మిది అయింది. మా లెడ్జరులో దాని గీత చూస్తే ఎండిపోయే చెరువు లెక్క ఉండింది. దానికేమి జరిగిందని ఆ పట్నం లోపల వెతికితే దొరకదు. జరిగిందంతా దాని బయట.

అదే మారుగా, అన్నిటికన్నా కొసన ఒక కొత్త పట్నం కడితే ముందున్న వాటికి ఏ నష్టమూ లేదు. ఆ కొత్తది మాత్రం ఒక్క డాలుతో పుట్టి ఒక్క డాలుతో ఉంటుంది. అందుకే ఆ ఆట ఆడేవాళ్ళు దూరాన పట్నాలు కట్టడం మానలేదు. ఉన్నా భారం లేదు, పటం మీద రంగు పెరుగుతుంది.

ఇప్పుడు ఆరో అంశానికి వస్తాము. ఆ దక్షిణపు శాఖ మొదలైన ఏడు అది మన సంఘంలో ఐదో శాఖ. మధురై ఆఫీసు నుంచి కోశాధికారి ఏడాదికి రెండు మార్లు పోయేవారు. రసీదు పుస్తకాలు చేతికిచ్చి, పాతవి చేతితో తెచ్చుకొనేవారు. తరువాత నడుమన తొమ్మిది శాఖలు పెట్టినాము. ఒక్కొక్కటీ మంచి శాఖే, అవి పెట్టినప్పుడు మేమూ చప్పట్లు కొట్టినవాళ్ళమే. కోశాధికారి మాత్రం ఒక్కరే. ఆయనకు వారానికి ఉన్నది ఒక్క ఆదివారం. దగ్గర శాఖలు చూసుకుంటూ పోతే ఆదివారాలు అయిపోతాయి. కొస శాఖకు మనిషి పోయి మూడేండ్లు అయింది. బస్సు దూరం అదే, నాలుగు గంటలే. వరస నంబరు ఐదు నుంచి పద్నాలుగు అయింది.

పోయిన నెల మేమిద్దరమే పోయి వచ్చినాము, తాతా మనవడూ. ఎవరూ పంపలేదు, సొంత ఖర్చు. కార్యదర్శి టైలరు. మిషను పక్కన ఉన్న అట్టపెట్టె తీసి కాగితాలు ముందర పెట్టినాడు. అక్కడ చూసిన లెక్క ఇక్కడ రాస్తున్నాము, ఆయన సరేనన్నాకే.

సభ్యులు 62. మనిషికి 300 చొప్పున రావలసింది 18,600. వసూలైంది 41 మంది దగ్గర, అంటే 12,300. మిగతా 21 మంది తొమ్మిది పల్లెల్లో చెదిరి ఉన్నారు. ఒక్కొక్క పల్లెకు రెండు మూడు మార్లు పోవాల, పోయిన రోజు మిషను ఆగుతుంది. వసూలైన దానిలో ఒక ఆడపిల్ల నర్సింగు పరీక్ష ఫీజుకు 5,000 ఇచ్చినారు. గడువు ఒక్క రోజే ఉండిందట, ఆఫీసుకు ఫోను చేస్తే "తీర్మానం పెట్టి పంపండి" అన్నారట. బస్సు చార్జీలు ఏడాదికి 1,150. రెండు చావులకు గుడ్డ, దండ 700. ఏడాది కూటానికి కుర్చీలు, టీ 550. అన్నీ కలిపి 7,400. మిగిలిన 4,900 మధురైకి పంపినారు. మన పుస్తకంలో ఆ 4,900 మాత్రమే తెలుపు, మిగిలిన 13,700 ఎరుపు. ఖర్చుకు రసీదులేవని అడిగినాము. కొత్త రసీదు పుస్తకం ఆఫీసు నుంచి వచ్చి పద్నాలుగు నెలలు అయిందని, చందా రసీదులనే సగం చించి రాసుకున్నానని చూపించినాడు. చేతిరాత బాగుంది. కూడిక సరిగా ఉంది. మేము మూడు మార్లు కూడినాము.

ఆ టైలరు మంచివాడని సర్టిఫికెట్టు ఇవ్వడానికి ఇది రాయడం లేదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఇంచుమించు ఆ 4,900 దగ్గరే నిలబడతారు అంటున్నాము. ఆయనను తీసేసి ఇంకొకరిని పెడితే, కొత్తాయనకు మొదటి ఏడాది పల్లెల దారి కూడా తెలియదు, ఇంకా తగ్గుతుంది.

ఆటకు తిరిగి పోదాము. తరుగుకు మందు లేదా అంటే ఉంది. ఒకటి న్యాయస్థానం. కోర్టు కడితే ఆ పట్నంలో తరుగు కొంత దిగుతుంది. కానీ కోర్టు కట్టడానికి 80 డాళ్ళు కావాల. వంతుకు ఒక్క డాలు చొప్పున మిగిలే పట్నం అది ఎప్పటికి కడుతుంది? ఎనభై వంతులు. అప్పటికి ఆటే మారిపోతుంది. మనవడు ఏం చేసినాడంటే, రాజధాని ఖజానా నుంచి బంగారం ఇచ్చి కొనేసినాడు. ఎక్కువ రాజ్యపద్ధతుల్లో అట్ల కొనవచ్చు. మొదట్లో ఉండే నిరంకుశ పద్ధతిలో మాత్రం బంగారంతో కుదరదు, జనాన్ని బలి ఇచ్చి తొందరపెట్టాల. అది మాకు నచ్చలేదు, పిల్లవాడు ఆ బొత్తాం నొక్కబోతే చెయ్యి పట్టుకున్నాము. మనం కూడా ఆడిటు ఖర్చు ఎవరి మీద వేస్తున్నాము? శాఖ మీద. లెక్కలు తీసుకుని కార్యదర్శి తన ఖర్చుతో మధురై రావాలన్నది మన నిబంధన. అంటే ఒక్క డాలు పట్నం తన కోర్టు తానే కట్టుకోవాల.

ఇంకొక మందు బాటలు. రాజధానితో బాట కలవని పట్నంలో తరుగు ఎక్కువ. మనకు బాట అంటే రసీదు పుస్తకమూ ఫోనూ. పద్నాలుగు నెలలు పుస్తకం పోలేదు అంటే బాట తెగినట్టే.

అన్నిటికన్నా పెద్ద మందు ఆటలో నిషిద్ధ భవనం. చైనా పీకింగులో ఉన్న ఆ పాత కోట పేరు తీసుకుని పెట్టినారు. అది కట్టిన పట్నం రెండో రాజధాని లాగా పనిచేస్తుంది, దాని చుట్టూ ఉన్న పట్నాలకు కొత్త ప్రాణం వస్తుంది. ఎక్కడ కట్టాలన్నదే ఆటంతా. రాజధాని పక్కన కడితే సులభం, తొందరగా అవుతుంది, ఉపయోగం తక్కువ. దూరాన కడితే ఉపయోగం ఎక్కువ, కానీ ఒక్క డాలుతో అది ఏ కాలానికి లేస్తుంది? ఆడేవాళ్ళు దీనికి ఒక దారి కనుక్కున్నారు. యుద్ధంలో గెలిచిన దళానికి ఒక్కొక్కసారి ఒక మహానాయకుడు పుడతాడు. ఆయనను ఆ దూరపు పట్నానికి నడిపించి తీసుకుపోయి, అక్కడ నిలబెట్టి, ఆయన చేత భవనాన్ని ఒక్క వంతులో కట్టిస్తారు. ఆయన దానితో సరి, మళ్ళీ కనబడడు. మన సంఘంలో ఎందరో రిటైరైనవాళ్ళం మధురైలోనే చుట్టుచుట్టుకుని కూర్చున్నాము. ఒక్కరు దక్షిణానికి పోయి రెండేండ్లు ఉంటే చాలు.

రైల్వేలో ఇది కొత్త విషయం కాదు. మా కాలంలో స్టేషన్ వసూలు ఎట్ల పోయేదో తెలియనివారికి రెండు మాటలు. రోజు వసూలును తోలు సంచిలో వేసి, సీలు వేసి, రెమిటెన్స్ నోటు జతచేసి, రైలు గార్డు దగ్గర ఉండే ఇనుప క్యాష్ సేఫులో వేసేవారు. లోపలికి వేయడానికి వీలుండేది, నడుమ స్టేషన్లలో ఎవరూ బయటికి తీయలేకపోయేవారు. అది నేరుగా క్యాష్ ఆఫీసులోనే తెరుచుకునేది. నెల కొసన స్టేషన్ బ్యాలెన్స్ షీటు పంపాల. దాన్ని చూడడానికి ట్రావెలింగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ అకౌంట్స్ అని ఒకాయన వస్తాడు. స్టేషన్ మాస్టరు ఇన్‌స్పెక్టరు దగ్గరికి పోడు. ఇన్‌స్పెక్టరే స్టేషనుకు వస్తాడు. ఈ ఒక్క తేడా చాలా పెద్దది. స్టేషన్లు ఎన్ని ఉన్నా, అవన్నీ ఏదో ఒక డివిజను కింద, ఆ డివిజనులో ఏదో ఒక ఇన్‌స్పెక్టరు చేతి కింద ఉంటాయి. దక్షిణ రైల్వే 1951లో పుట్టింది. ఈ రోజు దానిలో చెన్నై, తిరుచ్చి, మధురై, సేలం, పాలక్కాడు, తిరువనంతపురం అని ఆరు డివిజన్లు. సేలం 2007లో వచ్చింది, పాలక్కాడు, తిరుచ్చి డివిజన్ల నుంచి కోసి చేసినారు. అప్పుడు ఎన్ని గొడవలు జరిగినాయో ఆ రోజుల్లో ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు తెలుసు. గొడవల సంగతి ఎట్లున్నా, చూసే కన్ను జనం దగ్గరికి జరిగింది.

ఇంకా వెనక్కు పోతే మన ముత్తాతల కథే ఇది. ఈ దక్షిణానికి మనలో చాలామంది వచ్చింది విజయనగరం కాలంలో, నాయకరాజుల కాలంలో. మధురై అప్పటికి ఆ రాజ్యానికి కొస పట్నం. హంపి ఎక్కడ, వైగై ఎక్కడ. విశ్వనాథ నాయకుడు, దళవాయి అరియనాథ మొదలియారు కలిసి ఈ సీమను 72 పాళెములుగా చేసినారు. రాబడిలో మూడో వంతు మధురైకి, మూడో వంతు దండు పోషణకు, మూడో వంతు పాళెగానికి అని చెప్పుకొనే లెక్క. అంటే దూరం నుంచి మొత్తం రాదని ముందే ఒప్పుకుని, రావలసినంత ఇదీ అని గీత గీసినారు. మిగతాది తరుగు అనలేదు, అక్కడి పనికి అక్కడి సొమ్ము అన్నారు. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత రాజధాని పెనుకొండకు, ఆపైన చంద్రగిరికి జరిగింది. తిరుమల నాయకుడి కాలానికి మధురై తన పని తానే చూసుకొంది. ఆయన కూడా తన రాజధానిని తిరుచ్చి నుంచి మధురైకి మార్చినవాడే. రాజధాని మార్చడం ఆ ఆటలోనూ ఉంది. మనవడు అది విని "తాతా, తిరుమల నాయకర్ ప్యాలెస్ జంప్ చేసినాడా!" అని ఎగిరినాడు. స్కూలులో నాలుగుసార్లు మహలుకు తీసుకుపోయినా వాడికి ఆ రాజు మీద ఇంత మర్యాద పుట్టలేదు.

ఆటలో రాజ్యపద్ధతి మారితే తరుగు కూడా మారుతుంది. ప్రజాస్వామ్యంలో తక్కువ. కమ్యూనిజంలో దూరమూ వరసా చూడరు, తరుగును అన్ని పట్నాలకూ సమంగా పంచుతారు. కొస పట్నం బతుకుతుంది, రాజధాని ఒళ్ళు తగ్గుతుంది. 2005లో వచ్చిన నాలుగో ఆటలో ఇంకొక విధం చేసినారు. దానికి పెద్ద రూపకర్త సోరెన్ జాన్సన్, మూడోదానిలోనూ పనిచేసినవాడు. కరప్షన్ అనే మాటనే తీసేసి, పోషణ ఖర్చు అని పెట్టినారు. దూరానికీ లెక్క ఉంది, పట్నాల సంఖ్యకూ లెక్క ఉంది. తేడా ఏమిటంటే, కొత్తగా ఒక పట్నం కడితే దాని ఖర్చుతో ఆగదు, పాత పట్నాల ఖర్చు కూడా కొంచెం కొంచెం పెరుగుతుంది. తొందరపడి పది కట్టినవాడి ఖజానా ఖాళీ అవుతుంది, చదువు ఆగిపోతుంది.

ఈ రెండు ఆటల నడుమ తేడా మాకు చాలా పట్టింది. మూడోదానిలో ఎక్కువ పట్నాల భారమంతా వరసలో వెనకున్నవాడి నెత్తిన పడుతుంది, ఎర్రగా, కరప్షన్ అనే పేరుతో. నాలుగోదానిలో అదే భారం ఖజానాలో ఖర్చుగా కనబడుతుంది, పట్నం కట్టమని చెప్పినవాడి కళ్ళ ముందరే. లెక్క దగ్గరదగ్గర ఒకటే. పేరు వేరు, మోసేవాడు వేరు. మన సంఘం ఇప్పుడు మూడో ఆట ఆడుతూ ఉంది. శాఖలు పెంచే తీర్మానం చేసేది మధురైలో, ఆ తీర్మానానికి అయ్యే ఖర్చు కనబడేది కొస శాఖ పుస్తకంలో, "తిన్నాడు" అనే పేరుతో.

ఐదో అంశంలో కొత్త శాఖల జాబితా చూడండి. పదహారు ఊర్లు. మేము బస్సు మార్గాల పటం పక్కన పెట్టుకుని లెక్కించినాము. పదహారింటిలో పదమూడు మధురైకి ఆ దక్షిణ శాఖ కన్నా దగ్గర. అవన్నీ వస్తే దాని నంబరు ఇరవై ఏడు. దానికి అవతల పెట్టే మూడింటి నంబర్లు ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై. కోశాధికారికి ఆదివారాలు ఏడాదికి 52 ఉన్నాయి. అందులో పెండ్లి ముహూర్తాలు తీసేయండి.

శాఖలు వద్దని మేము అనడం లేదు. తెలుగు మాట్లాడే ఇంట్లో పిల్లలు తెలుగు మరిచిపోతూ ఉంటే దగ్గరలో ఒక శాఖ ఉండడం మంచిదే. ఆటలో కూడా రాజధానికి దూరమై, పక్క రాజ్యం సంస్కృతి బలంగా ఉంటే, పట్నం ఒక రోజు యుద్ధం లేకుండానే పక్క రాజ్యంలో కలిసిపోతుంది. కొస శాఖ ఊర్లో మేము చూసిన పిల్లలు తాతలతో తెలుగు, తమలో తాము తమిళం. మేము కూడా ఆ వయసులో అంతే.

అయితే దూరపు పట్నాన్ని ఏ పనికి వాడాలో ఆడేవాళ్ళు కనుక్కున్న ఇంకొక సంగతి ఉంది. పట్నంలో పొలం పని చేసే జనం తెచ్చేదానికి తరుగు పడుతుంది. కొందరిని పొలం నుంచి తీసి పన్ను వసూలుదారుగానో, పండితుడుగానో కూర్చోబెడితే, వాళ్ళు ఇచ్చేదానికి తరుగు లేదు. తిండికి కూడా తరుగు లేదని చెప్పినాము గదా. అందుకని దూరపు పట్నాలలో తిండి బాగా పండించి, ఎక్కువ మందిని పండితులుగా కూర్చోబెడతారు. ఒక్క నాణెం ఇచ్చే పట్నం చదువు విషయంలో రాజ్యానికి ఆసరా అవుతుంది. మనకైతే, కొస శాఖ నుంచి డబ్బు అడగడం మాని, తరుగు పడనిది అడగవచ్చు. ఆ టైలరు అట్టపెట్టెలో చందా పుస్తకం కింద ఇంకొక నోటుబుక్కు ఉండింది. తొమ్మిది పల్లెల్లో మన కుటుంబాలన్నీ, ఇంటిపేర్లతో, పెండ్లికి ఉన్న పిల్లలతో, చదువుకునే పిల్లలతో, ఒంటరి ముసలివాళ్ళతో సహా రాసి పెట్టినాడు. మధురై ఆఫీసులో అటువంటి పుస్తకం మన సొంత వార్డుకే లేదు.

అందుకని మా ప్రతిపాదన రాసి ఇచ్చినాము. శాఖ చందాలో మూడో వంతు మధురైకి, మిగతాది అక్కడి చదువుకూ చావుకూ అక్కడే, మూడు నెలలకొకసారి ఒక పేజీ లెక్క. ఆడిటుకు ఆఫీసు మనిషి శాఖకు పోవాల, చార్జీ ఆఫీసుది. దక్షిణాన ఒక ఉప కార్యాలయం, అక్కడ కూర్చునే మనిషి ఒకరు. అది లేచేదాకా దానికీ మధురైకీ నడుమ కొత్త శాఖ వేయరాదు. కొత్త శాఖ ఒక్కొక్కటికీ ఏడాదికి ఆఫీసుకు ఎంత ఖర్చు, ఎన్ని ఆదివారాలు అన్నది ఐదో అంశం కిందే అంకెలతో రాయాల, అది చూసి చేతులెత్తుదాము.

మూడో వంతు లెక్క చూస్తే, ఆ శాఖ వసూలు 12,300లో మధురై వాటా 4,100. ఆయన పంపింది 4,900. 800 ఎక్కువే పంపినాడు.

ఐదో అంశం కన్నా ముందు ఆరో అంశం తీసుకోమని అధ్యక్షులవారికి వేరుగా కాగితం రాసి, ఆ లెక్కల నకలు జతచేసి ఇచ్చినాము. జవాబు ఇంకా రాలేదు. ఆ కార్యదర్శి సమావేశానికి వస్తానన్నాడు. తెల్లవారి నాలుగు గంటల బస్సుకు బయలుదేరుతాడు. ఆ రోజు మిషను ఆగుతుంది.